సన్యాసమ్మ పిన్ని అట్టముక్కలు

ఈ ఉదయం ఓడ కోసం డాక్ దగ్గరి వంతెనను పైకి ఎత్తడంతో మా బస్సు ఆగిపోయింది. పక్కనే బియ్యం బస్తాల లారీ. టార్పాలిన్ సరిగా కట్టలేదేమో, ఒక పక్క బస్తాలన్నీ నల్లగా తడిసి ఉన్నాయి. తడిసిన గోనె, దాని లోపల మెల్లగా పులుస్తున్న బియ్యం కలిసిన వెచ్చటి పుల్లటి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ముందు సీట్లో ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు. ఆ వాసనతో పాటు నాకు ఒక గొంతు వినిపిస్తుంది. "వాన నీరే ఇది. ఉప్పునీటికి తడిస్తే ఇంత బేగి పులవదు" అని ఎవరో నా చెవి పక్కనే అన్నట్టయింది. వంతెన మళ్ళీ కిందికి దిగేవరకూ తల వంచుకుని కూర్చున్నాను.

ఆ గొంతు సన్యాసమ్మ పిన్నిది. డాక్ పక్కనే ఉన్న వాట్‌గంజ్‌లో ఒక పాత మేడ మొదటి అంతస్తులో ఉన్న సర్వే ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళు టైపిస్టుగా పనిచేసింది. ఓడల్లో వచ్చిన సరుకు తడిసినా, చిరిగినా, తక్కువ పడినా మా సర్వేయర్లు వెళ్ళి చూస్తారు. చూసింది చూసినట్టు చిన్న రికార్డర్‌లో ఇంగ్లీషులో చెప్పుకుంటూ వస్తారు. ఆ గొంతు విని నివేదిక తయారు చెయ్యడం టైపు గది పని. తప్పు ఓడదా, గోదాముదా, సరుకు దించిన కూలీలదా అన్నది ఆ నివేదిక తేలుస్తుంది. పిన్ని ఒక్కసారి కూడా ఓడ ఎక్కలేదు. కానీ వాళ్ళమ్మ డాక్‌లో నేల మీద ఒలికిన గింజలు ఊడ్చే పని చేసేది. ఆ గింజల పక్కన ఆడుకుంటూ పెరిగింది కనుక ఓడలో ఏ భాగాన్ని ఎవరేమని పిలుస్తారో, ఏ సరుకు ఎలా చెడుతుందో ఆవిడకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఆఫీసులో బెంగాలీలకు ఆవిడ పేరు నోరు తిరిగేది కాదు. 'సన్యాసీ-ది', అంటే సన్యాసి అక్క, అనేవారు. "ఇద్దరు కొడుకుల్ని కన్న సన్నాసిని ఊరు మొత్తం మీద నానొక్కదాన్నే" అని వాళ్ళకంటే ముందు ఆవిడే నవ్వేది.

నేను ఆ గదిలో చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా నాన్న టికియాపారా రైలు షెడ్డులో ఫిట్టర్. రెండు గదుల ఇంట్లో ఐదుగురం. నా మాట నాకే వినిపించనంత చిన్నగా మాట్లాడేదాన్ని. మొదటి రోజు పేరు చెప్పమంటే మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. "ఏటే గుంటా, నోట్లో ముత్యాలున్నాయేటి, రాలిపోతాయని బయమా?" అంది ఆవిడ. తర్వాత మా తాతల ఊరు అడిగింది. పాలకొండ దగ్గరన్నాను. "ఓలమ్మా, మనోలే! కూకో మరి" అని పక్క కుర్చీ లాగి, నా తలకు హెడ్‌ఫోన్ తనే తగిలించింది. ఆవిడ వేళ్ళు కార్బన్ కాగితం, కొబ్బరినూనె కలిసిన వాసన వేసేవి. కార్బన్ కాగితం వాడడం మానేసి ఏళ్ళయినా ఆ వాసన ఎలా మిగిలిందో నాకు తెలియదు.

పని నేర్పడానికి ఆవిడకు ఎక్కువ మాటలు అవసరం లేదు. "మూడుసార్లు ఇను. అప్పటికీ తెల్లేదా, ఖాళీ ఒగ్గీయ్. కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గియ్. ఎల్లి సెప్పినోన్నే అడుగు." అంతే. ఎంత తేలికగా ఉందో అనుకున్నాను. మూడో వారంలో తెలిసింది ఎంత కష్టమో. కెప్టెన్ సేన్ అని మా పెద్ద సర్వేయర్ ఉన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒకప్పుడు ఓడ నడిపినవాడు. ఆయన రికార్డింగ్‌లో ఒకచోట క్రేన్ చప్పుడు మాటను మింగేసింది. అంతకు ముందు మూడు వరసల బస్తాలూ సముద్రపు నీటికి తడిశాయనే చెప్పారు కదా అని, నాలుగో వరసకు కూడా అదే రాసేశాను. నాకు ఖాళీ వదలడం కంటే, వెళ్ళి ఆ గది తలుపు తట్టడం భయం.

పిన్ని నా కాగితాలన్నీ రికార్డింగ్ పక్కన పెట్టుకుని చూసేది. అక్కడికి వచ్చి ఆగింది. "ఈ మాట నీకు ఇనబడ్డాదా?"

నేను ఆవిడ ముఖం వైపు చూశాను.

"మల్లీ ఇను. నా మొకం సూడకు, సెవితో సెప్పు."

విన్నాను. క్రేన్ తప్ప ఏమీ లేదు. "వినబడలేదు పిన్నీ. కానీ పై మూడింటికీ సముద్రపు నీరనే చెప్పారు కదా..."

"మూడింటికి ఆయన సెప్పినాడు. నాలుగోదానికి నువ్వు సెప్పినావు. నువ్వేటి, కప్తానువా?" అని, గొంతు తగ్గించి చెప్పింది. "సముద్రపు నీరైతే తప్పు ఓడది. వాన నీరైతే తప్పు ఓడ మూత మూయని కూలీలది. ఒక్క మాట నువ్వు ఊహించి రాస్తే అక్కడెవులికో పని పోతాది. ఆలు నీకు తెలీదు, ఆలకి నువ్వు తెలీదు. ఎల్లు, అడుగు."

వెళ్ళాను. తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో, ఆయనే తలెత్తి "కీ హోలో, మా?" అన్నారు. ఏమైంది తల్లీ అని. కాగితం ఆయన ముందు పెట్టి ఎర్రగీత చూపించాను. ఆయన రికార్డింగ్ విని తల అడ్డంగా ఊపారు. ఆ వరసకు ఏ నీరో తేల్చే పరీక్ష ఇంకా కాలేదట. ఆ మాటే చెప్పారట. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం మొదటినుంచి చదివారు. తను చెప్పడంలోనే చేసిన పొరపాట్లు రెండు దొరికాయి. తిరిగొచ్చి పిన్నికి చెబితే, "ఖాళీ ఉంటేనే ఆలు సదువుతారే. నున్నగా ఉన్న కాయితం ఎవులూ సదవరు, సంతకం పెట్టీస్తారు" అంది. ఆ మాట విలువ అప్పుడు తెలియలేదు. తెలిసేనాటికి దాన్ని చెప్పుకోవడానికి ఆవిడ నా పక్కన లేదు.

ఆవిడ బల్ల కింద నాలుగు బిస్కెట్ డబ్బాలు ఉండేవి. వాటి నిండా అట్టముక్కలు. సరుకుల పెట్టెల నుంచి, పాత క్యాలెండర్ల నుంచి కత్తిరించినవి. ఒక్కో అట్టముక్క మీద ఒక ఇంగ్లీషు మాట, దాని కింద ఏ సర్వేయర్ నోట్లో ఆ మాట ఎలా పలుకుతుందో తెలుగు అక్షరాల్లో. కెప్టెన్ సేన్ 'వాల్వ్' అంటే 'భాల్భ్' అని పలుకుతుంది. బీహార్ నుంచి వచ్చిన సర్వేయర్ స్టీలుకు ముందు ఒక 'ఇ' తగిలిస్తాడు. ఒకాయన పాన్ నములుతూ చెబుతాడు కనుక ఆయన మాటల చివరలుండవు. ఇరవై తొమ్మిదేళ్ళలో వచ్చిన ప్రతి గొంతూ ఆ డబ్బాల్లో ఉంది. చనిపోయినవాళ్ళ గొంతులు కూడా. "ఇంగిలీసు అచ్చరాల్లో గొంతు పట్టదే. మన అచ్చరాల్లో అయితే సరిగ్గా కూకుంటాది" అనేది. ఆవిడ ఐదో తరగతి వరకూ డాక్ పక్కనున్న తెలుగు బడిలో చదివింది. కొడుకులిద్దరికీ తెలుగు మాట్లాడడమే వచ్చు.

నాకు చదవడం వచ్చు. మా నాయనమ్మ నేర్పింది. ఇంట్లో తమ్ముడికీ చెల్లికీ రాదు కనుకనే నా డైరీ తెలుగులో రాసుకునేదాన్ని. ఆ సంగతి తెలిసిన రోజు పిన్ని ఒక అట్టముక్క నా చేతిలో పెట్టి పైకి చదవమంది. చదివాను. నా సన్నటి గొంతులోంచి కెప్టెన్ సేన్ బయటికి వచ్చారు. ఆవిడ బల్ల మీద తల పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేవరకూ నవ్వింది. ఇంకోటి చదవమంది. ఇంకోటి. ఒక మనిషిని అంతగా నవ్వించడం నా జీవితంలో అదే మొదలు. ఆ రోజు నుంచి భోజనాల వేళ ఇద్దరం డబ్బాలు తెరుచుకుని కూర్చునేవాళ్ళం. నేను మాట్లాడడం ఆ గదిలో నేర్చుకున్నాను, వేరేవాళ్ళ గొంతులతో.

రెండేళ్ళు గడిచాక డిక్టేషన్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. సర్వేయర్ మాట్లాడుతూ ఉంటే తెర మీద అక్షరాలు పడతాయి, మధ్యలో మనిషి అక్కర్లేదు అని మేనేజర్ మిత్రాబాబు అందరినీ పిలిచి చూపించారు. అప్పటికి టైపు గదిలో మిగిలింది మేమిద్దరమే. మొదటి నెల అది రాసిన చెత్త చూసి ఆఫీసంతా నవ్వింది. ఓడ అడుగున నీరు చేరే గుంటల గురించి చెబితే పెళ్ళి భోజనాల గురించి రాసేది. "దీనికి జలుబు సేసినట్టున్నాది, మిరియాల కషాయం పట్టండి" అని పిన్ని మిత్రాబాబు ముందే అంది. ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగు రోజుల తర్వాత ఆయన నన్ను ఒక్కదాన్నే తన గదిలోకి పిలిచారు. జూలై నెల. ఏటేటా రాసిచ్చే నా ఉద్యోగపు కాగితం గడువు ఆ నెలాఖరుతో తీరిపోతుంది.

"చూడు మా," అన్నారు ఆయన బెంగాలీలో, చాలా మెత్తగా. "సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఫోన్ చేశారు. మన పనికి కావలసిన మాటల జాబితా దానికి ఇవ్వాలట. ఏ మాట ఎలా పలుకుతారో కూడా ఇస్తే బాగా వింటుందట. సన్యాసీ-ది డబ్బాల్లో అదంతా ఉంది కదా? ఆ తెలుగు గీతలు నువ్వొక్కదానివే చదవగలవట."

తల ఊపాను.

"దసరా పూజల తర్వాత టైపు గది ఉండదు. ఆ జాబితా చూసుకోవడానికి ఒక మనిషి చాలు. ఆమెకు కంప్యూటర్ అంతగా రాదు. నువ్వు చిన్నదానివి." కిటికీ వైపు చూసి, "ఆమెకు ఇప్పుడే చెప్పకు. పాపం, బాధపడుతుంది" అన్నారు.

మళ్ళీ తల ఊపాను. నేను సిగ్గరినని అందరూ అంటారు. నేనూ చాలాకాలం ఆ మాట వెనక దాక్కున్నాను. కానీ ఆ రోజు నన్ను ఆపింది సిగ్గు కాదు. ఐదుగురున్న రెండు గదుల ఇంట్లో నాదంటూ ఒక మూల లేదు. ఆఫీసులో నాకొక బల్ల, తాళం పడే ఒక సొరుగు ఉన్నాయి. నా డైరీలు, తమ్ముడు వెక్కిరించే నా పుస్తకాలు అందులో ఉండేవి. ఆ సొరుగు పోతుందేమో అనుకున్నాను. పిన్ని పోతుందని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి అనుకుని, తల ఊపాను.

మర్నాడు ఆవిడను అట్టముక్కలు అడిగాను. యంత్రం తప్పులు ఎక్కువగా రాస్తోందని, దిద్దలేక చస్తున్నామని, వీటిని దానికి ఎక్కిస్తే మనకు సుఖమని చెప్పాను. అంత పొడుగ్గా మాట్లాడడం చూసి ఆవిడ నా వైపు వింతగా చూసింది. తర్వాత అడిగింది.

"మన పని తగ్గుతాదా, మనం తగ్గుతామా?"

నేను కీబోర్డు వైపు చూస్తూ అన్నాను. "పనే పిన్నీ."

"సరే అయితే" అని వంగి, ఒక్కో డబ్బా బల్ల మీద పెట్టింది. ఆ రోజు నా డైరీలో 'పిన్ని సంతోషంగా ఒప్పుకుంది' అని ఉంది. ఇంట్లో ఎవరూ చదవలేని లిపిలో, తాళం వేసిన పుస్తకంలో కూడా నేను అంతవరకే రాశాను.

మూడు వారాలు ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఒక్కో మాటకు మూడు గడులు నింపాలి. అచ్చులో ఎలా పడాలో ఒకటి, నోట్లో ఎలా పలుకుతుందో రెండోది, యంత్రం ఆ మాట వైపు ఎంత మొగ్గాలో మూడోది. ఆవిడ అట్టముక్క తీసి ఆయా గొంతుల్లో చదివేది, నేను ఆ పలుకుబడిని ఇంగ్లీషు అక్షరాల్లోకి దించేదాన్ని. ఆవిడ ఆ పనిలో ఎంత సంతోషపడిందో చెబితే ఎవరూ నమ్మరు. పాత గొంతుల గురించి కథలు చెప్పేది. మొదట తెలివితక్కువగా అన్ని మాటలకూ పెద్ద మొగ్గు ఇచ్చాను. యంత్రానికి పూనకం వచ్చినట్టయింది. ఎవరు ఏమన్నా ఓడ మాటలే రాసేది. కెప్టెన్ సేన్ దగ్గితే కూడా ఓడ మూత అని రాసింది. "కొత్త కోడలికి గరిటిచ్చినట్టున్నాది. అడక్కముందే వడ్డించేస్తన్నాది" అని పిన్ని నవ్వి, అట్టముక్కలను రెండు కుప్పలు చేసింది. మామూలుగానే వినబడే మాటలు ఒకవైపు, వాటిని ఎక్కించనే వద్దంది. మిగిలినవాటిని మళ్ళీ మనిషికో కుప్ప చేసింది. "ఒకల గొంతు ఇంకొకలకి పొయ్యకే. సేన్‌గోరిది సేన్‌గోరికే." సర్వేయర్‌కొక జాబితా విడిగా పెట్టాను. తప్పులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఆ ఆలోచన నాకు రాలేదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఫోన్‌లో మాట్లాడే హైదరాబాద్ అబ్బాయికీ రాలేదు. తన చోటు తీసెయ్యబోయే పనిని ఆవిడే చక్కబెట్టింది.

ఆవిడ ఒక్కటే అడిగింది నన్ను. "దీనికి ఖాళీ ఒగ్గడం నేర్పు. తెలీనప్పుడు తెలీదనాల గదా."

హైదరాబాద్ అబ్బాయికి ఫోన్ చేశాను. "ఖాళీ అయితే పెట్టదు మేడం, ఏదో ఒకటి రాస్తది" అన్నాడు. "అనుమానం ఉన్న మాటలకు ఎర్ర రంగు వచ్చే సెట్టింగ్ ఒకటుంది. నేను ఆన్ చేసే పెట్టిన. మీ మేనేజర్ సారే వద్దన్నరు. బయటికి పోయే కాగితం మీద ఎర్రగుంటే మంచిగుండదన్నరు."

ఫోన్ పెట్టేశాక పిన్ని ఏమన్నాడని అడిగింది. "దానికి రాదట పిన్నీ" అన్నాను. "అన్నీ తెలిసిన దానికి ఇదొక్కటీ రాదా!" అని ఆవిడ తర్వాతి అట్టముక్క తీసింది.

పూజలకు పది రోజుల ముందు పరీక్ష పెట్టారు. ఆఫీసువాళ్ళంతా పెద్ద గదిలో చేరారు. కెప్టెన్ సేన్ ముందురోజు చూసిన ఓడ గురించి తన భాల్భులతో సహా పది నిమిషాలు చెప్పారు. తెర మీద అక్షరాలు నీళ్ళలా పారాయి. తప్పు ఒక్కటీ లేదు. చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది పిన్ని. నా వీపు మీద చెయ్యి వేసి, "సూసినారా మా గుంటని! నోట్లోంచి మాట రాదనుకున్నారు గదా!" అని బెంగాలీలో అందరికీ వినబడేలా అంది. మిత్రాబాబు కూడా ఉత్సాహంలో ఉన్నారు. "మరే! జూలై నుంచీ ఎంత గుట్టుగా చేసుకొచ్చిందో చూడండి. ఇక టైపు గది మూసేసినా మనకు దిగుల్లేదు. సన్యాసీ-ది, పూజల తర్వాత మీరు హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోవచ్చు." ఎవరో మళ్ళీ చప్పట్లు కొట్టారు. నా వీపు మీద ఆవిడ చెయ్యి ఇంకా ఉంది. అది ఎప్పుడు తీసిందో నాకు స్పష్టంగా తెలుసు.

టైపు గదిలోకి ఆవిడ వెనకే వెళ్ళాను. కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ తీగను చుడుతోంది.

"జూలై నుంచి తెలుసా?"

"ఊఁ."

"నానడిగిన నాటికి తెలుసన్నమాట."

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తీగను చుట్టడం పూర్తిచేసి బల్ల మీద పెట్టింది. "సెప్పడానికి నీకు నోరు రాకపోతే ఊరుకోవలసింది. ఊరుకుంటే నానే తెలుసుకుందును. ఖాళీ ఒగ్గనేదు నువ్వు. నింపీసినావు."

ఆ తర్వాత పనిచేసిన రోజుల్లో ఆవిడ నాతో అవసరమైన మాటలన్నీ మాట్లాడింది. ఆఖరి రోజు డబ్బాలు కిందే వదిలేసి వెళ్ళబోతుంటే, తీసుకెళ్ళమన్నాను. "తీసుకెల్లి ఏటి సేసుకోను? ఈ గొంతులన్నీ ఇక్కడియ్యే" అని మెట్లు దిగిపోయింది. మిత్రాబాబు ఇచ్చిన పూలగుత్తి మెట్ల మలుపులో కిటికీ మీద రెండు వారాలు ఉంది. ఎండిపోయాక ఊడ్చే ఆవిడ తీసేసింది.

ఇప్పుడు టైపు గది లేదు. ఆ గదిలో కాగితాల బీరువాలు పెట్టారు. నా బల్లను కిటికీ పక్కకు మార్చారు. కొత్త సర్వేయర్ ఎవరైనా చేరితే రెండు రోజులు అతని గొంతు విని, జాబితా తయారు చేసి యంత్రానికి ఎక్కిస్తాను. నివేదికలు ఎంత శుభ్రంగా వస్తున్నాయో అని అందరూ మెచ్చుకుంటారు. నిజమే, చాలా నున్నగా ఉంటాయి. సర్వేయర్లు ఎవరూ చదవరు.

ఈ వానాకాలం మొదట్లో పప్పుల బస్తాలు తడిసిన కేసు ఒకటి వచ్చింది. నివేదికలో వాన నీరు అని పడింది. కెప్టెన్ సేన్ సంతకం పెట్టారు, అది వెళ్ళవలసిన చోటికి వెళ్ళిపోయింది. ఆ సరుకు దించిన ఏడుగురు కూలీలను డాక్‌లోకి రానివ్వడం మానేశారు. వాళ్ళ పెద్ద గంగులు అని, పిన్ని ఉండే సందులోనే ఉంటాడట, మా మెట్లెక్కి వచ్చాడు. తెలుగమ్మాయి ఉందని ఎవరో చెబితే నా బల్ల దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఆ రోజు వానే నేదమ్మా. ఎండకి మా బుర్రలు మాడిపోనాయి. వాన నేకుండా మూత ఏటికి మూస్తామమ్మా? ఆ ముక్క రాసినోలు ఎవులో ఒక్కసారి సూపించండి, మేం సెప్పుకుంటాం."

రాసినవాళ్ళను చూపించమంటే ఎవరిని చూపించను? పెద్దసారుతో మాట్లాడమని పంపించేశాను. అతను వెళ్ళాక రికార్డింగ్ తీసి విన్నాను. మూడుసార్లు. ఆ మాట ఉండవలసిన చోట క్రేన్ చప్పుడే ఉంది. యంత్రం ఆ చోటును నింపేసింది. నేను కెప్టెన్ సేన్ దగ్గరికి వెళ్ళాను, తలుపు దగ్గర ఆగకుండానే వెళ్ళాను. ఆయన చాలాసేపు విని, "గుర్తు లేదు మా. ఆ తర్వాత ఎన్ని ఓడలు చూశాను! సంతకమైతే నాదే" అన్నారు. మిత్రాబాబు దగ్గరికి కూడా వెళ్ళాను. "వెళ్ళిన కాగితాన్ని వెనక్కి పిలిస్తే ఇక మన మాట ఎవరు నమ్ముతారు? పైగా వాన నీరు కాదని నీకు మాత్రం ఏం తెలుసు?" అన్నారు. నాకు తెలియదు. తెలియదు అన్నదే నేను చెప్పవలసిన మాట. "సరే సార్" అని వచ్చేశాను. ఆ రికార్డింగ్‌ను మాత్రం నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను.

ఆ ఆదివారం పిన్నిని వెతుక్కుంటూ వెళ్ళాను. వాట్‌గంజ్ బజారులో ఒక జిరాక్స్ దుకాణంలో కూర్చుంటోందని విన్నాను. దరఖాస్తులు టైపు చేసి ఇస్తుందట. దుకాణం చాలా చిన్నది. ఆవిడ కొంచెం చిక్కింది. కళ్ళజోడు మారింది. పక్కనే స్టూలు మీద గంగులు ఉన్నాడు. తెర మీద సగం పూర్తయిన అర్జీ ఉంది. డాక్ ఆఫీసుకు రాస్తున్నారు. ఆ రోజు వాన పడలేదని, నివేదిక మళ్ళీ పరిశీలించమని. సాక్ష్యం అన్న మాట దగ్గర ఆగి ఉంది. గంగులు నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"పిన్నీ" అన్నాను.

"రండి. ఏటి టైపు సెయ్యాలండి?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. దుకాణానికి వచ్చే ఎవరినైనా అలాగే అడుగుతుంది కాబోలు. నా వెనక ఇంకెవరో వచ్చి నిలబడ్డారు. నా ఫోన్ నా చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ రికార్డింగ్ బయటికి వస్తే ఎవరు ఇచ్చారో ఆఫీసులో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. నేను సంచిలో చెయ్యి పెట్టి, తడిమి, నా గుర్తింపు కార్డు తీసి ఇచ్చాను.

"ఎన్ని కాపీలండి?"

"రెండు."

తీసింది. కార్డునూ కాపీలనూ కలిపి నా చేతికిచ్చింది. వెనకున్న మనిషి ముందుకు జరగబోతే చెయ్యెత్తి ఆపి, నా ముఖంలోకి చూసింది. "ఇంకేటైనా ఉన్నాదాండి?" అని, తొందర లేకుండా అడిగింది. గంగులు కూడా చూస్తున్నాడు.

"లేదు" అన్నాను.

ఆ రెండు కాపీలూ ఇప్పటికీ నా సంచిలో ఉన్నాయి. వాటితో నాకు ఏ పనీ లేదు. ఆ యంత్రం పాతదేమో, ఫోటోలో నా ముఖం నల్లటి మరకలా పడింది. కళ్ళు ఎక్కడో, నోరు ఎక్కడో తెలియడం లేదు. కింద నా పేరు మాత్రం ఒక్క అక్షరం పోకుండా వచ్చింది.